చలికాలపు మొదటి ఐదు మైళ్ళు



మిన్నెసోటాలో, డకోటాల్లో, విస్కాన్సిన్‌లో, సరిహద్దు దాటితే కెనడాలోని మానిటోబాలో స్థిరపడిన మన తెలుగువాళ్ళ ఇళ్ళ ముందు ఈ మధ్య పికప్ ట్రక్కులు కూడా కనిపిస్తున్నాయి. మంచులో ఎత్తుగా నిలబడే బండి, నాలుగు చక్రాలకూ బలం అందే బండి, ఇల్లు మారుతున్నా పెరట్లోకి మట్టి తెచ్చుకోవాలన్నా అక్కరకొచ్చే బండి. కొన్నవాళ్ళు మొదటి చలికాలంలో దాదాపు ఒకే ప్రశ్న అడుగుతారు. “సెప్టెంబరులో గ్యాలనుకు 20 మైళ్ళు ఇచ్చింది. జనవరి వచ్చేసరికి 15, 16 దాటడం లేదు. ఇంజన్‌లో ఏదైనా తేడా వచ్చిందంటారా?”

చాలామంది విషయంలో ఇంజన్‌కు ఏమీ కాలేదు. బండి బాగానే ఉంది, బంకులో కొలతా సరిగానే ఉంది. చలి తన వాటా తాను తీసుకుంటోంది. ఆ వాటా ఎంత, ఎక్కడెక్కడ పోతోంది, అందులో మన చేతిలో ఉన్నదెంత అన్నది ఈ రోజు మాట్లాడుకుందాం. నాకు తోచింది ముందే చెబుతాను. బయట ఎన్ని డిగ్రీల చలి ఉందన్నదాని కంటే, ఆ చలిలో బండిని తీసిన ప్రతిసారీ ఎంత దూరం నడిపామన్నదే పెట్రోలు ఖర్చును ఎక్కువగా తేలుస్తుంది. రెండు మైళ్ళు వెళ్ళి ఆపి, గంట తరువాత మళ్ళీ రెండు మైళ్ళు వెళ్ళే బండికి చలికాలం అంతా నష్టమే. అదే బండి అరవై మైళ్ళు ఆగకుండా నడిస్తే కథ వేరు.

అమెరికా ఇంధన శాఖ, పర్యావరణ పరిరక్షణ సంస్థ కలిసి వాహనదారులకు ఇచ్చే సమాచారంలో ఒక లెక్క ఉంది. బయట 77 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే మన 25 డిగ్రీల సెల్సియస్ ఉన్నప్పుడు ఊళ్ళో తిరిగే మామూలు పెట్రోలు బండి మైలేజీతో పోలిస్తే, 20 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో, అంటే మైనస్ 7 సెల్సియస్‌లో, అది దాదాపు 15 శాతం పడిపోతుంది. మూడు నాలుగు మైళ్ళ చిన్న ప్రయాణాలైతే ఆ నష్టం 24 శాతం దాకా పోతుంది. జనవరిలో మినియాపొలిస్‌లో మైనస్ 7 అంటే మామూలు పగలు. రాత్రులు, తెల్లవారుజాములు అంతకంటే చాలా కిందికి దిగుతాయి.

ఈ శాతాలు కారుకూ ట్రక్కుకూ ఒకేలా కనిపిస్తాయి కానీ జేబుకు ఒకేలా తగలవు. నెలకు వెయ్యి మైళ్ళు తిరిగే ఇల్లు అనుకుందాం. గ్యాలనుకు 32 మైళ్ళిచ్చే చిన్న కారుకు 31 గ్యాలన్ల పైచిలుకు పడుతుంది. 24 శాతం పడిపోతే 41 గ్యాలన్లు, అంటే పది గ్యాలన్లు అదనం. అదే గ్యాలనుకు 20 మైళ్ళిచ్చే పికప్‌కు మామూలుగా 50 గ్యాలన్లు. 24 శాతం పడితే గ్యాలనుకు 15 మైళ్ళకు దిగి, దాదాపు 66 గ్యాలన్లు కావాలి. పదహారు గ్యాలన్లు అదనం! డాష్‌బోర్డు మీద కారుకు ఎనిమిది మైళ్ళు తగ్గినట్టు, ట్రక్కుకు అయిదే తగ్గినట్టు కనిపిస్తుంది. ఆ అంకె చూసి ట్రక్కు నయం అనుకుంటాం. ఖర్చు మాత్రం ట్రక్కుదే ఎక్కువ. అందుకే గ్యాలనుకు ఎన్ని మైళ్ళు అని కాకుండా, వంద మైళ్ళకు ఎన్ని గ్యాలన్లు పట్టిందో చూసుకోమని నేను అందరికీ చెబుతుంటాను. కెనడాలో వంద కిలోమీటర్లకు ఇన్ని లీటర్లు అని లెక్క కడతారు. ఈ విషయంలో వాళ్ళ పద్ధతే మేలు.

ఇక బండి లోపలికి వెళ్దాం.

ఇంజన్ హాయిగా పని చేసే వేడి సుమారు 90 డిగ్రీల సెల్సియస్. హైదరాబాదులో చలికాలం ఉదయం 15 డిగ్రీలుంటే ఇంజన్ అక్కడి నుంచి 75 డిగ్రీలు ఎక్కాలి. నార్త్ డకోటాలోని ఫార్గోలో మైనస్ 25 డిగ్రీల ఉదయం ఇంజన్ 115 డిగ్రీలు ఎక్కాలి. అంటే హైదరాబాదులో మీ నాన్నగారు ఉదయం పాల ప్యాకెట్టు కోసం బండి తీసి వీధి చివరి దాకా వెళ్ళి వస్తే, ఆయన బండి కూడా చల్లటి ఇంజన్ మీదే నడిచింది. తేడా ఎక్కాల్సిన ఎత్తులో ఉంది. ఫార్గోలో ఆ ఎత్తు ఒకటిన్నర రెట్లు. పైగా ఎక్కుతున్నంతసేపూ చల్లగాలి ఆ వేడిని లాగేస్తూనే ఉంటుంది.

పెట్రోలు ద్రవంగా ఉంటే మండదు. ఆవిరై గాలితో కలవాలి. ఇంజన్ గోడలు గడ్డ కట్టే చలిలో ఉన్నప్పుడు, చల్లిన పెట్రోలులో కొంత భాగమే ఆవిరవుతుంది. మిగిలింది గోడలకు అంటుకుంటుంది, కొంత పిస్టన్ రింగుల పక్కనుంచి కిందికి జారి ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది. ఆవిరైన ఆ కాస్తతోనే ఇంజన్ అందుకోవాలి కాబట్టి, బండిలోని కంప్యూటరు కావాలనే ఎక్కువ పెట్రోలు చల్లుతుంది. చల్లటి ఇంజన్ ఆగిపోకుండా ఉండటానికి వేగం కూడా పెంచి తిప్పుతుంది. పొద్దున్నే స్టార్ట్ చెయ్యగానే వినిపించే ఆ గట్టి శబ్దం అదే. దానికి ఇంకో కారణం కూడా ఉంది. పొగను శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టర్ కొన్ని వందల డిగ్రీల వేడి ఎక్కితే గానీ పని మొదలుపెట్టదు. దాన్ని త్వరగా వేడెక్కించడానికి కూడా ఇంజన్ కొంత పెట్రోలు ఖర్చు చేస్తుంది. ఇలా పోయిన పెట్రోలు ఒక్క అడుగు దూరం కూడా మనల్ని తీసుకెళ్ళలేదు.

తరువాత ఆయిల్. చలికాలంలో సీసాలో కొబ్బరినూనె గడ్డ కట్టడం మనందరికీ తెలుసు. ఇంజన్ ఆయిల్ అంతలా గడ్డ కట్టదు గానీ బాగా చిక్కబడుతుంది. ఆయిల్ డబ్బా మీద 5డబ్ల్యూ-30, 0డబ్ల్యూ-20 అని రాసి ఉంటుంది కదా, అందులో డబ్ల్యూ అన్న అక్షరం చలికాలానికి గుర్తు. దాని ముందున్న అంకె ఎంత చిన్నదైతే ఆ ఆయిల్ చలిలో అంత తేలిగ్గా పారుతుంది. 10డబ్ల్యూ ఆయిల్‌ను చలిలో ఇంజన్ తిప్పడానికి మైనస్ 25 దగ్గర పరీక్షిస్తారు, 5డబ్ల్యూను మైనస్ 30 దగ్గర, 0డబ్ల్యూను మైనస్ 35 దగ్గర. మీ బండి పుస్తకంలో కంపెనీ ఏది వెయ్యమని రాసిందో అదే వెయ్యండి. వేసవి ఎండల్లో ట్రెయిలరు లాగడం కోసమని ఎవరో చెబితే చిక్కటి ఆయిల్ పోయించి, అదే ఆయిల్‌తో జనవరిలోకి వచ్చిన బండ్లు ఉంటాయి. ఆ బండి ప్రతి ఉదయం ఆయిల్‌ను తోసుకోవడానికే పెట్రోలు తాగుతుంది.

ఇంజన్ సంగతి చాలామందికి తెలుసు. పికప్ విషయంలో చాలామంది గుర్తించనిది దాని వెనక ఉంది. ఇంజన్‌ను వేడి చెయ్యడానికి లోపల మంట ఉంది. గేరుబాక్సుకు లేదు. గేరుబాక్సు వెనక, నాలుగు చక్రాలకూ బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేసు. అక్కడి నుంచి ముందుకొక పొడవాటి షాఫ్టు, వెనక్కొక పొడవాటి షాఫ్టు. వాటి చివర డిఫరెన్షియల్స్. వాటి లోపల ఇంజన్ ఆయిల్ కంటే చిక్కటి గేర్ ఆయిల్. వెనక డిఫరెన్షియల్ బండి కింద వేలాడుతూ, నేరుగా చల్లగాలిలో, ఎగిరిపడే మంచులో ఉంటుంది. దాన్ని వేడెక్కించేది ఒక్కటే, లోపల గేర్లు ఆ చిక్కటి ఆయిల్‌ను చిలికితే పుట్టే రాపిడి. ఆ రాపిడికి పెట్టుబడి మన పెట్రోలే. ఇంజన్ వేడి చూపే ముల్లు మధ్యకు వచ్చిన తరువాత కూడా వెనక ఇరుసు ఇంకా చల్లగానే ఉంటుంది, అది వెచ్చబడటానికి చాలా మైళ్ళు పడుతుంది. ముందు చక్రాలతో నడిచే చిన్న కారులో గేరుబాక్సూ డిఫరెన్షియలూ ఒకే పెట్టెలో, ఇంజన్ పక్కనే, బానెట్ కింద ఒదిగి ఉంటాయి. వాటికి ఇంజన్ వేడి కాస్తో కూస్తో తగులుతుంది. పికప్‌కు ఆ సౌకర్యం లేదు.

ఆటోమేటిక్ గేరుబాక్సు చల్లగా ఉన్నంతసేపు పై గేర్లలోకి ఆలస్యంగా మారుతుంది. టార్క్ కన్వర్టర్ లాక్ కావడం కూడా ఆలస్యమే. అంటే అదే వేగానికి ఇంజన్ ఎక్కువ చుట్లు తిరుగుతుంది. ఉదయం మొదటి కొన్ని మైళ్ళలో బండి బరువుగా, అరుస్తూ నడుస్తున్నట్టు అనిపించేది ఇందుకే. పాడైపోయిందని కంగారు పడనక్కర్లేదు. దాన్ని నెమ్మదిగా పోనిస్తే చాలు.

ఇన్నిటినీ కలిపి చూస్తే మొదటి అయిదు మైళ్ళు ఎంత ఖరీదైనవో తెలుస్తుంది. పిల్లల డేకేరు రెండు మైళ్ళు, ఆఫీసు అక్కడి నుంచి మూడు మైళ్ళు. ఇలాంటి ఇంట్లో పికప్ చలికాలమంతా ఆ ఖరీదైన మైళ్ళలోనే బతుకుతుంది. ఒక్కసారైనా పూర్తిగా వేడెక్కకుండానే మార్చి వచ్చేస్తుంది. ఆయిల్‌లో కలిసిన పెట్రోలు, నీటి తేమ ఆవిరై బయటికి పోవడానికి కూడా ఇంజన్ బాగా వేడెక్కాలి. కాబట్టి మైలేజీ కోసమే కాదు, ఇంజన్ ఆరోగ్యం కోసమైనా వారానికొకసారి దాన్ని హైవే మీద కొంతసేపు నడపండి.

పెట్రోలు కూడా చలికాలంలో మారుతుంది. చలిలో తేలిగ్గా ఆవిరి కావాలని రిఫైనరీలు అందులో బ్యూటేన్ ఎక్కువ కలుపుతాయి. వేసవిలో అంతగా ఆవిరయ్యే పెట్రోలు గాలిని పాడు చేస్తుంది కాబట్టి, అమెరికాలో జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 వరకు బంకుల్లో వేసవి పెట్రోలే అమ్మాలని నియమం. చలికాలపు పెట్రోలులో శక్తి కాస్త తక్కువ. మామూలు వేసవి పెట్రోలులో గ్యాలనుకు 1,14,500 బీటీయూలుంటే చలికాలపుదానిలో 1,12,500. తేడా రెండు శాతంలోపే. ఏ బంకు మార్చినా, ఏ కంపెనీ మార్చినా ఇది తప్పదు. దీని గురించి ఆలోచించి ప్రయోజనం లేదు.

ఇప్పుడు హైవే ఎక్కుదాం. ఇంజన్ వేడెక్కింది, ఇరుసులు వెచ్చబడ్డాయి. అయినా జనవరిలో ఫార్గో నుంచి మినియాపొలిస్ దాకా వెళ్ళినవాళ్ళకు వేసవి మైలేజీ రాదు. ఎందుకంటే గాలి చిక్కబడింది. 25 డిగ్రీల దగ్గర ఘనపు మీటరు గాలి బరువు 1.18 కిలోలు. మైనస్ 7 దగ్గర 1.33. మైనస్ 20 దగ్గర 1.39 పైన. అంటే గాలి 12 నుంచి 18 శాతం బరువెక్కింది. దాన్ని చీల్చుకుంటూ పోయే బండి మీద ఒత్తిడి కూడా అంతే పెరుగుతుంది. పికప్ ముఖం వెడల్పు, ఎత్తు ఎక్కువ. వెనక తొట్టి తెరిచి ఉంటుంది. గంటకు 70 మైళ్ళ వేగంలో ఇంజన్ కష్టంలో సగానికి పైగా గాలిని తోయడానికే పోతుంది. ఆ సగంలో పెరిగిన 12 శాతం మొత్తం మీద ఆరేడు శాతమవుతుంది. బాగా చలిగా ఉన్న రోజున పది శాతం దగ్గరికి వెళ్తుంది.

ఇక్కడ ఒక అపోహ ఉంది. చిక్కటి గాలిలో ప్రాణవాయువు ఎక్కువ కాబట్టి ఇంజన్ బలం పెరుగుతుంది, మైలేజీ కూడా పెరగాలి కదా అంటారు. బలం పెరిగే మాట నిజం. పెడలు పూర్తిగా తొక్కితే చలిలో బండి చురుగ్గా దూకుతుంది. కానీ హైవే మీద ఒకే వేగంతో పోతున్నప్పుడు మనకు ఆ బలమంతా అక్కర్లేదు. అంత చిక్కటి గాలి అవసరం లేదు కాబట్టి ఇంజన్ తన గాలి తలుపును ఇంకాస్త మూసుకుని, ఆ సన్నటి సందులోంచి గాలిని పీల్చుకోవడానికి కష్టపడుతుంది. కాబట్టి లాభం బలానికే గానీ మైలేజీకి కాదు.

డకోటా మైదానాల్లో గాలి వీచే దిశ కూడా లెక్కలోకి వస్తుంది. చలికాలంలో వాయవ్యం నుంచి వీచే గాలికి అడ్డుకొండ లేదు, చెట్టు లేదు. మీరు 70 మైళ్ళ వేగంతో పోతుంటే ఎదురుగా 20 మైళ్ళ గాలి వస్తే, బండికి అది 90 మైళ్ళ గాలి. గాలి ఒత్తిడి వేగపు వర్గంతో పెరుగుతుంది కాబట్టి 65 శాతం ఎక్కువవుతుంది. తిరుగు ప్రయాణంలో అదే గాలి వెనక నుంచి తోస్తుంది కదా అంటారా? తోస్తుంది, ఒత్తిడి దాదాపు సగమవుతుంది. కానీ పోయేటప్పుడు 65 శాతం పోగొట్టుకుని, వచ్చేటప్పుడు 49 శాతమే తిరిగి తెచ్చుకుంటాం. ఇలాంటి రోజున చెయ్యగలిగింది ఒక్కటే. వేగం తగ్గించడం. 70 నుంచి 60కి దిగితే గాలి లేని రోజున ఒత్తిడి నాలుగో వంతు పైగా తగ్గుతుంది. మంచు పట్టిన రోడ్డు మీద ప్రాణానికి కూడా అదే మంచిది. మైలేజీ, క్షేమం రెండూ ఒకే మాట చెప్పే సందర్భం ఇది.

టైర్లలో గాలి. పది డిగ్రీల ఫారెన్‌హీట్ చలి పెరిగితే టైరులో ఒత్తిడి సుమారు ఒక పీఎస్‌ఐ తగ్గుతుంది. సెప్టెంబరులో 77 డిగ్రీల్లో 35 పీఎస్‌ఐ గాలి కొట్టించారనుకోండి. మైనస్ 3 ఫారెన్‌హీట్ దగ్గర, అంటే మైనస్ 19 సెల్సియస్‌లో, అది 27కు దిగుతుంది. అమెరికా నిబంధనల ప్రకారం చెప్పిన ఒత్తిడి కంటే 25 శాతం తగ్గితే డాష్‌బోర్డు మీద హెచ్చరిక దీపం వెలగాలి. 35లో 25 శాతం తగ్గితే 26 పైచిలుకు. మీ టైరు 27 దగ్గర ఉంది కాబట్టి దీపం వెలగకపోవచ్చు. దీపం లేదు కదా అని ధీమాగా ఉంటాం. నెలకొకసారి, బండి రాత్రంతా బయట నిలబడిన తరువాత, ఉదయం కదిలించకముందే గేజీ పెట్టి చూడండి. డ్రైవరు తలుపు చట్రం మీద అంటించిన కాగితంలో ఉన్న అంకెకు తెచ్చుకోండి. మైలేజీలో దీనివల్ల వచ్చే నష్టం పెద్దది కాదు, ఒక్కో పీఎస్‌ఐకి 0.2 శాతమే. కానీ గాలి తగ్గిన టైరు మలుపుల్లో సరిగా మాట వినదు, అంచులు త్వరగా అరుగుతాయి. నేను దీన్ని పెట్రోలు కోసం కంటే మీకోసం చెబుతున్నాను.

ఇక తొట్టిలో బరువు. ఖాళీ పికప్ వెనక తేలిగ్గా ఉంటుంది, మంచులో వెనక చక్రాలు జారతాయి. అందుకని వెనక ఇరుసు మీద ఇసుక మూటలు వేసుకోవడం ఇక్కడివాళ్ళ అలవాటు. అది మంచి అలవాటే, తియ్యమని చెప్పను. కానీ తొట్టిలో అడుగు ఎత్తున పేరుకున్న మంచును అలాగే వారాల తరబడి మోసుకెళ్ళే బండ్లున్నాయి. తాజా మంచయితే ఒక మామూలు తొట్టిలో సుమారు 75 కిలోలుంటుంది. కాస్త కరిగి తడిసిన మంచయితే రెండు మూడు రెట్లు. దానివల్ల ఏ పట్టూ పెద్దగా పెరగదు, పెట్రోలు ఖర్చు మాత్రం పెరుగుతుంది. పైగా హైవే మీద అది గడ్డలుగా ఎగిరి వెనక వచ్చేవాళ్ళ అద్దాల మీద పడుతుంది. బయలుదేరే ముందు పారతో తోసెయ్యండి.

రిమోట్ స్టార్ట్ గురించి చెప్పాలి. వంటింట్లోంచి మీట నొక్కితే బయట ఇంజన్ తిరుగుతుంది. ఇరవై నిమిషాల తరువాత వెచ్చటి సీటులో కూర్చోవచ్చు. నిలబడిన పెద్ద ఇంజన్ గంటకు అర గ్యాలను దాకా తాగుతుంది. రోజుకు 20 నిమిషాలు, నెలంతా అంటే అయిదు గ్యాలన్లు. మన లెక్కలోని ట్రక్కుకు అది వంద మైళ్ళ పెట్రోలు. పోనీ, అంత తాగి బండి మొత్తం వేడెక్కిందా అంటే అదీ లేదు. నిలబడిన ఇంజన్ మీద బరువు లేదు కాబట్టి అది మెల్లగా వేడెక్కుతుంది. ఇరుసులు, టైర్లు, బేరింగులు అసలు వేడెక్కవు. ఇప్పటి బండ్లు అర నిమిషం, నిమిషం తిరిగితే చాలు, ఆ తరువాత నెమ్మదిగా నడిపితేనే త్వరగా వెచ్చబడతాయి. 

కానీ ఒక మాట. అద్దం మీద మంచు పొర ఉంటే, ముందు దారి కనిపించకపోతే, పెట్రోలు గురించి ఆలోచించకండి. అన్ని అద్దాలూ పూర్తిగా శుభ్రమైన తరువాతే కదలండి. మైనస్ 30లో పసిపిల్లను ఎక్కించుకుని వెళ్ళే తల్లికి పది నిమిషాల వెచ్చదనం దుబారా కాదు. ఇంకొకటి మరీ ముఖ్యం. ఇంటికి అతికి ఉన్న గ్యారేజీలో ఇంజన్ తిప్పకండి, తలుపు తెరిచి ఉన్నా సరే. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. గ్యారేజీలోంచి ఇంట్లోకి, పడకగదుల్లోకి వస్తుంది. రిమోట్ స్టార్ట్ ఉన్న బండిని గ్యారేజీలో పెట్టుకునేవాళ్ళు ఆ మీట పిల్లల చేతికి అందకుండా చూసుకోవాలి. ఇంట్లో కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరిగా పెట్టుకోండి.

ఇంజన్‌ను పెట్రోలు లేకుండా వేడి చేసే ఉపాయం ఈ ప్రాంతంలోనే పుట్టింది. నార్త్ డకోటాలోని గ్రాండ్ ఫోర్క్స్‌లో ఆండ్రూ ఫ్రీమన్ అనే ఆయన ఇంజన్ తల బోల్టు స్థానంలో బిగించే విద్యుత్ హీటరుకు 1949లో పేటెంటు పొందాడు. ఆ ఆలోచనే తరువాత బ్లాక్ హీటరుగా స్థిరపడింది. ఇప్పుడు ఇంజన్ లోపలి కూలెంట్‌ను అది వెచ్చబరుస్తుంది. చలికాలంలో ఉత్తరాన తిరిగితే బండ్ల ముందు గ్రిల్లులోంచి ఒక ప్లగ్గు తీగ వేలాడుతూ కనిపిస్తుంది. విన్నిపెగ్‌లో, అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్‌లో ఆఫీసుల పార్కింగ్ స్థలాల్లో బండ్లకు ప్లగ్గులు పెట్టుకునే గుంజలు వరుసగా ఉంటాయి. దక్షిణాది రాష్ట్రం నుంచి పాత పికప్ కొనుక్కుని వచ్చినవాళ్ళు తమ బండికి ఆ హీటరు ఉందో లేదో ముందు చూసుకోండి. లేకపోతే పెట్టించుకోవచ్చు.

మైనస్ 20 దగ్గర బ్లాక్ హీటరు వాడితే ఇంధనం పది శాతం దాకా ఆదా అవుతుందని కెనడా సహజ వనరుల శాఖ చెబుతుంది. రాత్రంతా ప్లగ్గులో ఉంచడం అనవసరం. బయలుదేరడానికి రెండు గంటల ముందు మొదలయ్యేలా టైమరు పెట్టుకోండి. 750 వాట్ల హీటరు రెండు గంటలకు ఒకటిన్నర యూనిట్ల కరెంటు తీసుకుంటుంది. ఇంత తక్కువ ఖర్చుతో ఆ ఖరీదైన మొదటి మైళ్ళను ఇంతగా తేలిక చేసే వస్తువు ఇంకొకటి నాకు కనిపించలేదు. గోడ నుంచి బండి దాకా వేసే తీగ మాత్రం బయట వాడటానికి తయారైనదే, తగినంత మందమైనదే కావాలి. బయలుదేరే ముందు తీగ పీకడం మరిచిపోకండి.

డీజిల్ ట్రక్కులున్నవాళ్ళకు ఒకటి రెండు మాటలు. మామూలు రెండో నంబరు డీజిల్‌లో మైనం ఉంటుంది. చలికి అది పలుకులుగా విడిపోయి ఫిల్టరును మూసేస్తుంది. అందుకే చలి ప్రాంతాల బంకుల్లో ఒకటో నంబరు డీజిల్ కలిపి అమ్ముతారు. దానిలో శక్తి కాస్త తక్కువ, మైలేజీ కూడా ఆ మేరకు తగ్గుతుంది. టెక్సాస్‌లో ట్యాంకు నింపుకుని నేరుగా మిన్నెసోటా దాకా వచ్చేవాళ్ళు దారిలో చలి ప్రాంతపు డీజిల్ పోయించుకోవాలి.

హైబ్రిడ్ బండ్లకు నష్టం ఇంకా ఎక్కువ. 30 శాతం పైన పడుతుంది. లోపల వెచ్చగా ఉంచడానికి ఇంజన్ ఆగకుండా తిరగాల్సి వస్తుంది, చల్లటి బ్యాటరీ చార్జి సరిగా తీసుకోదు. విద్యుత్ బండ్లలో ఇంజన్ వృథా వేడి లేదు కాబట్టి లోపలి వెచ్చదనమంతా బ్యాటరీ నుంచే రావాలి. అలాంటి బండి ఉన్నవాళ్ళు ఇంటి దగ్గర ప్లగ్గులో ఉండగానే లోపల వెచ్చబరుచుకుని బయలుదేరితే దూరం కలిసొస్తుంది.

ఇప్పుడు శనివారం పనుల దగ్గరికి వద్దాం. పిల్లను సంగీతం క్లాసులో దింపాలి, ఇండియన్ స్టోరులో సరుకులు తేవాలి, మందుల షాపుకు వెళ్ళాలి, గుడికి వెళ్ళాలి. ఒక్కో పనికి ఒక్కోసారి ఇంటి నుంచి బయలుదేరితే నాలుగుసార్లు చల్లటి ఇంజన్. అన్నీ ఒకే విడతలో పెట్టుకుంటే ఒక్కసారే. అందులోనూ వరుస ముఖ్యం. అన్నిటికంటే దూరంగా ఉన్న చోటికి ముందు వెళ్ళండి. గుడి పాతిక మైళ్ళ దూరంలో ఉంటే మొదట అక్కడికే. ఆ పాతిక మైళ్ళలో ఇంజన్, గేరుబాక్సు, ఇరుసులు అన్నీ వేడెక్కుతాయి. తిరిగి వచ్చేటప్పుడు ఒక్కో చోట ఆగండి. పావుగంట, అరగంట ఆగినా పికప్ ఇంజన్ పెద్దది కాబట్టి త్వరగా చల్లబడదు. చెప్పుకోవడానికి చిన్న మార్పే అయినా, బ్లాక్ హీటరు తరువాత దీనికే నేను రెండో స్థానం ఇస్తాను. ఇంట్లో కారు, పికప్ రెండూ ఉంటే ఆ డేకేరు రెండు మైళ్ళకు కారే తీయండి. 

ఇంత చెప్పిన తరువాత, మైలేజీ పడిందంటే ప్రతిసారీ చలినే తప్పుపట్టడం కూడా సరికాదు. నిజంగానే బండిలో లోపం ఉండొచ్చు. దాన్ని గుర్తుపట్టడానికి డాష్‌బోర్డు అంకె చాలదు. ట్యాంకు నింపిన ప్రతిసారీ ఎన్ని మైళ్ళు తిరిగారో, ఎన్ని గ్యాలన్లు పట్టాయో రాసుకోండి. ఈ జనవరిని నిరుటి జనవరితో పోల్చండి, జులైతో కాదు. అదే దారులు, అదే చలి, అయినా బాగా తేడా ఉంటే అప్పుడు వెతకాలి. హైవే మీద ఇరవై నిమిషాలు నడిపినా వేడి ముల్లు తన మామూలు చోటికి రాకపోయినా, హీటరులోంచి గోరువెచ్చటి గాలే వస్తున్నా థర్మోస్టాటు తెరుచుకుని ఉండిపోయిందేమో చూపించండి. అది అలా ఉన్నంతకాలం ఇంజన్ ఎప్పటికీ పూర్తిగా వేడెక్కదు, కంప్యూటరు పెట్రోలు ఎక్కువ చల్లుతూనే ఉంటుంది. ఆ భాగం ఖరీదు చాలా బండ్లలో తక్కువే. ఒక చక్రం దగ్గర మాత్రం వేడిగా ఉండి, కాలిన వాసన వస్తుంటే రోడ్ల మీది ఉప్పు నీళ్ళకు తుప్పు పట్టి బ్రేకు పట్టేసి ఉండొచ్చు. మంచు దాటిన తరువాత కూడా ఫోర్ వీల్ డ్రైవు మీట అలాగే ఉంచేశారేమో కూడా ఒకసారి చూసుకోండి. ఇవేవీ కాకపోతే మీ బండి బాగానే ఉన్నట్టు. ఏప్రిల్‌లో రెండు మూడు ట్యాంకుల లెక్క రాసుకున్న తరువాత మళ్ళీ పోల్చి చూడండి.